రెండు గోడల మధ్య శూన్యం: ఫ్లాస్కు కథ

(రేడియో ప్రసంగ పాఠం)

ఆదివారం పొద్దున్నే కాఫీ చేత్తో పట్టుకుని రేడియో పెట్టుకున్నవాళ్ళకి ఒక నమస్కారం. ఎందుకంటే ఇవాళ నేను చెప్పబోయేది ఆ కాఫీని వేడిగా ఉంచే వస్తువు గురించే.

ముందు ఒక చిన్న సంగతి. మేం అమెరికా వచ్చిన కొత్తలో, 1986 చలికాలంలో మా అబ్బాయి పుట్టాడు. మా అమ్మ సాయానికి వచ్చింది. "అర్ధరాత్రి లేచి నీళ్ళు కాచుకోవడం ఎందుకురా, ఒక ఫ్లాస్కు కొనుక్కురా" అంది. నేను దుకాణానికి వెళ్ళి "ఫ్లాస్క్ కావాలి" అని అడిగాను. అక్కడి కుర్రాడు నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, ప్యాంటు వెనక జేబులో పట్టేంత చదునైన సీసా ఒకటి తీసి ముందు పెట్టాడు. విస్కీ పోసుకునేది! "కాదు బాబూ, చంటిపిల్లాడి కోసం" అన్నాను. అతని మొహం మీరు చూసి ఉండాల్సింది. చివరికి పొగలొచ్చే నీళ్ళు పోస్తున్నట్టు అభినయం చేసి చూపిస్తే "ఓ, థర్మాసా!" అన్నాడు.

మనం ఫ్లాస్కు అంటాం, వాళ్ళు థర్మాస్ అంటారు, సైన్సు ల్యాబుల్లో డ్యూవర్ అంటారు. ఒకే వస్తువుకి ఈ మూడు పేర్లు ఎలా వచ్చాయో చెబితే దాని చరిత్ర చాలావరకు చెప్పినట్టే.

మా చిన్నప్పుడు తెనాలిలో మా వీధి మొత్తానికి ఒకటే ఫ్లాస్కు. ఎదురింటి మాస్టారిది. వీధిలో ఎవరైనా ఆసుపత్రిలో చేరారంటే ఆ ఫ్లాస్కు వాళ్ళింటికి వెళ్ళేది. అడగక్కర్లేదు, మాస్టారి భార్య కడిగి పంపించేసేవారు. 1969లో మా తాతయ్య గుంటూరులో ఆసుపత్రిలో ఉన్నప్పుడు అది మా ఇంటికొచ్చింది. అమ్మ కాఫీ పోసి ఇచ్చింది, నాన్నతో పాటు నేనూ బస్సెక్కాను. ఫ్లాస్కు మోసే పని నాది. తొమ్మిదేళ్ళవాణ్ణి, అదో హోదా. బస్సు దిగుతుంటే అది మెట్టుకి తగిలింది. పైనున్న రేకు మీద గీత కూడా పడలేదు. సరే, ఏం కాలేదులే అనుకున్నాను. తాతయ్య మంచం దగ్గర నాన్న దాన్ని వంచితే లోపల గలగలమని చప్పుడు. గ్లాసులోకి కాఫీతో పాటు సన్నటి వెండిరంగు పెంకులు.

తాతయ్య నన్ను తిట్టలేదు. "తాగలేదుగా, నయం" అన్నాడు. కాసేపాగి ఆ పెంకుల్ని గ్లాసు అంచుకి చేర్చి చూస్తూ, "అయినా ఇందులో ఏముందిరా? వేడి పోస్తే వేడిగా ఉంచుతుంది, ఐసు వేస్తే చల్లగా ఉంచుతుంది. ఏది పోశామో దానికెట్లా తెలుస్తుంది?" అని అడిగాడు. నాన్నకి తెలియలేదు. నాకు అసలే తెలియదు. ఆ నెల జీతంలోంచి నాన్న మాస్టారికి కొత్త ఫ్లాస్కు కొనిచ్చాడు. తాతయ్య ఇంటికి రాలేదు. ఆయన ప్రశ్నకి జవాబు నాకు ఇంటర్మీడియట్‌లో దొరికింది.

మా ఫిజిక్సు లెక్చరర్ గారు దాన్ని "దీవార్ ఫ్లాస్కు" అని పలికేవారు. అప్పటికి అమితాబ్ బచ్చన్ 'దీవార్' వచ్చి ఏడాదో రెండేళ్ళో అయింది. హిందీలో దీవార్ అంటే గోడ కదా, ఫ్లాస్కుకి రెండు గోడలుంటాయి కాబట్టి ఆ పేరు పెట్టారని మేం చాలాకాలం నమ్మాం. తీరా చూస్తే అది స్కాట్లండు దేశస్థుడి ఇంటిపేరు. జేమ్స్ డ్యూవర్.

ఆయన దగ్గరికి వెళ్ళేముందు వేడి సంగతి చూద్దాం. తెలుగు మీడియంలో చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది: వహనం, సంవహనం, వికిరణం. స్టీలు గ్లాసులో కాఫీ పోస్తే పట్టుకోవడానికి పమిటచెంగు కావాల్సి వస్తుంది, అది వహనం. ఎసట్లో అడుగున కాగిన నీళ్ళు పైకొచ్చి పైనీళ్ళు కిందికి పోవడం సంవహనం. పొయ్యికి ఎదురుగా కూర్చుంటే మొహానికి సెగ తగలడం వికిరణం. మొదటి రెండింటికీ మధ్యలో ఏదో ఒక పదార్థం ఉండాలి. గాలి అయినా సరే, ఏదో ఒకటి. మూడోదానికి ఏమీ అక్కర్లేదు. సూర్యుడి వేడి మనదాకా శూన్యంలోంచే వస్తోంది.

కాబట్టి రెండు గోడలు కట్టి, మధ్యలో గాలి తీసేస్తే మొదటి రెండు దారులూ మూతపడతాయి. గోడలకి అద్దంలాగా వెండి పూత పూస్తే మూడోది కూడా చాలావరకు వెనక్కి తిరిగిపోతుంది. లోపలి వేడి బయటికి పోదు, బయటి వేడి లోపలికి రాదు. తాతయ్య ప్రశ్నకి ఇదే జవాబు. దానికేమీ తెలియదు. గొళ్ళెం పెట్టిన తలుపుకి లోపలున్నది ఎవరో, బయటున్నది ఎవరో తెలియనక్కర్లేదు కదా.

వినడానికి సులువుగా ఉంది గానీ ఇందులో ఒక మెలిక ఉంది. గోడల మధ్య గాలిలో నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు తోడేశామనుకోండి. వహనం కూడా తొంభైతొమ్మిది పాళ్ళు తగ్గాలి కదా? తగ్గదు. దాదాపు అంతే ఉంటుంది! మోసేవాళ్ళు తగ్గినకొద్దీ ఒక్కొక్కరు ఒకరికొకరు అడ్డం లేకుండా ఎక్కువ దూరం పరుగెత్తి మోస్తారు. ఒక గోడ మీంచి లేచిన అణువు దారిలో ఇంకో అణువుని గుద్దుకోకుండా నేరుగా రెండో గోడని తాకేంత పల్చబడిన తర్వాతే వేడి తగ్గడం మొదలవుతుంది. అంటే కాస్త గాలి తీస్తే చాలదు, దాదాపు పూర్తిగా తీయాలి. తీసి, మళ్ళీ ఏళ్ళ తరబడి లోపలికి రానివ్వకూడదు. ఫ్లాస్కు కథంతా ఈ కష్టంలోనే ఉంది.

జేమ్స్ డ్యూవర్ 1842లో పుట్టాడు. పదేళ్ళప్పుడు గడ్డకట్టిన నీటి మీద నడుస్తూ మంచు విరిగి అందులో పడిపోయాడు. కీళ్ళజ్వరం వచ్చి చాలాకాలం మంచాన పడ్డాడు. ఆ రోజుల్లో వడ్రంగి పనివాడి దగ్గర కూర్చుని ఫిడేళ్ళు చేయడం నేర్చుకున్నాడు. నేను ప్రయోగాలు చేయగలిగానంటే ఆ చేతిపని వల్లనేనని పెద్దయ్యాక చెప్పుకునేవాడట. 1877లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో రసాయనశాస్త్ర ఆచార్యుడయ్యాడు. ఫారడే పనిచేసిన చోటు.

సరిగ్గా అదే ఏడు ఫ్రాన్సులో కైయెటే, స్విట్జర్లండులో పిక్టే ఆక్సిజన్‌ని కాస్త పొగమంచులాగా ద్రవంగా మార్చగలిగారు. 1883లో పోలండులోని క్రాకోలో వ్రుబ్లెవ్‌స్కీ, ఓల్షెవ్‌స్కీ అనే ఇద్దరు దాన్ని గిన్నెలో నిలిచే ద్రవంగా చేశారు. ద్రవ ఆక్సిజన్ మైనస్ 183 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర మరిగిపోతుంది. మన గదిలో ఉండే మామూలు గాలే దానికి కొలిమి. గాజుపాత్రలో పోస్తే చూస్తుండగానే సలసలా మరిగి ఆవిరైపోయేది. పైగా బయటి తేమ గాజు మీద మంచులా పేరుకుని లోపల ఏం జరుగుతోందో కనిపించేదే కాదు. అంత శ్రమపడి తయారుచేసిన ద్రవాన్ని పరిశీలించడానికైనా కాసేపు నిలవపెట్టుకోవాలి కదా. డ్యూవర్ రెండు గోడల గాజుపాత్ర 1892లో చేసింది అందుకు. గమనించారా? మనం కాఫీ వేడి కోసం వాడే ఈ వస్తువు పుట్టింది చలిని కాపాడుకోవడానికి.

ఆయన లెక్కల ప్రకారం మంచి శూన్యం వల్ల లోపలికొచ్చే వేడి ఐదో వంతుకి తగ్గింది. వెండి పూత కూడా వేస్తే మొత్తం మీద ముప్పయ్యో వంతుకి పడిపోయింది. ఆయన చేసిన ఇంకో చమత్కారం నాకు చాలా ఇష్టం. గోడల మధ్య కొంచెం పాదరసపు ఆవిరి వదిలి మూసేసేవాడు. లోపల ద్రవ ఆక్సిజన్ పొయ్యగానే ఆ చలికి పాదరసం లోపలి గోడకి గడ్డకట్టుకుని అద్దంలా మెరిసేది. అంటే ద్రవం పొయ్యగానే పూత దానంతటదే పడుతుంది, మిగిలిన కాస్త ఆవిరీ పోయి శూన్యం ఇంకా మెరుగవుతుంది! 1898 మే 10న ఇదే పాత్రల సాయంతో హైడ్రోజన్‌ని ద్రవంగా మార్చాడు. మైనస్ 253 డిగ్రీలు. దొరికింది ఇరవై ఘనసెంటీమీటర్లే, మందు సీసా మూతలతో కొలిస్తే రెండు మూడు మూతలు. అయినా అది ప్రపంచంలో మొదటిసారి.

మనిషిగా మాత్రం డ్యూవర్‌తో వేగడం కష్టం. తోటి శాస్త్రవేత్తలతో తగాదాలు, ఎవరికీ ఏదీ చూపించేవాడు కాదు. ఆయన దగ్గర పనిచేసిన లెనాక్స్, హీత్ అనే ఇద్దరు సహాయకులు ప్రయోగశాల పేలుళ్ళలో చెరొక కన్ను పోగొట్టుకున్నారు. 1904లో గీసిన ఒక ప్రసిద్ధ చిత్రంలో డ్యూవర్ పెద్దమనుషుల ముందు నిలబడి ద్రవ హైడ్రోజన్ చూపిస్తుంటాడు. మనం ఆ చిత్రంలో ఆయన్నే చూస్తాం. గాజు ఊదినవాళ్ళెవరో ఎవరూ అడగరు.

ఇక మిగిలింది హీలియం. అది లండన్‌లోనే విలియం రామ్సే దగ్గర ఉంది. కానీ రామ్సేకీ డ్యూవర్‌కీ పడదు. బాత్ పట్టణంలోని వేడినీటి బుగ్గల నుంచి వచ్చే వాయువులోంచి హీలియం తీద్దామని డ్యూవర్ ప్రయత్నిస్తే, అందులో కలిసున్న నియాన్ గడ్డకట్టి గొట్టాలు మూసుకుపోయేవి.

అదే సమయంలో హాలండులోని లైడెన్‌లో కామెర్లింగ్ ఓనెస్ వేరే పద్ధతిలో వెళ్ళాడు. 1901లో ఆయన ప్రయోగశాలకి అనుబంధంగా పనిముట్లు చేసేవాళ్ళకీ గాజు ఊదేవాళ్ళకీ ఒక బడి పెట్టాడు. నీలం చొక్కాలు తొడుక్కున్న కుర్రాళ్ళు అక్కడ పని నేర్చుకునేవాళ్ళు. ఊళ్ళోవాళ్ళు వాళ్ళని నీలం కుర్రాళ్ళనేవారు. గాజుపని పెద్ద కెసెల్‌రింగ్, యంత్రాల పెద్ద ఫ్లిమ్. వీళ్ళిద్దరి పేర్లూ చరిత్రలో మిగిలాయి, అది ఓనెస్ గొప్పతనం. 1908 జూలై 10న పొద్దున్న 5:45కి పని మొదలుపెట్టి సాయంత్రానికి హీలియాన్ని ద్రవం చేశారు. మైనస్ 269 డిగ్రీలు. పాత్రలో పాత్ర, దాని చుట్టూ మరో పాత్ర: హీలియం చుట్టూ ద్రవ హైడ్రోజన్, దాని చుట్టూ ద్రవ గాలి. అన్నీ డ్యూవర్ చూపిన పద్ధతిలో రెండు గోడల గాజుపాత్రలే! ద్రవం వచ్చిందో లేదో మొదట కనిపించలేదట. పక్క శాఖ ఆచార్యుడొకాయన చూడ్డానికొచ్చి కింది నుంచి దీపం వేసి చూడండి అంటే అప్పుడు ద్రవం అంచు కత్తిలా మెరిసింది. ఓనెస్‌కి 1913లో నోబెల్ వచ్చింది. డ్యూవర్ పేరు ఎన్నోసార్లు ప్రతిపాదించారు గానీ 1923లో పోయేదాకా రాలేదు. ఆయన పాత్రతోనే ఆయన్ని దాటిపోయారు. తెలివి ఒక్కరిది కావచ్చు గానీ, శూన్యం నిలబెట్టడం పది చేతుల పని అని నాకనిపిస్తుంది.

ఇప్పుడు డబ్బు సంగతి. ఈ పాత్ర మీద డ్యూవర్ పేటెంటు తీసుకోలేదు. పేటెంటంటే తెలియక కాదు. 1889లో కార్డైట్ అనే తుపాకిమందు మీద ఫ్రెడరిక్ ఏబెల్‌తో కలిసి తీసుకున్నాడు. దాని మీద ఆల్‌ఫ్రెడ్ నోబెల్ కంపెనీ కోర్టుకెళ్ళి ఓడిపోయింది కూడా. కానీ ఈ గాజుపాత్ర ఆయన దృష్టిలో ల్యాబు సామాను. దీన్ని సంచీలో పెట్టుకుని జనం పిక్నిక్‌కి వెళతారని ఆయనకి తోచలేదు.

తోచింది బెర్లిన్‌లో రైన్‌హోల్డ్ బర్గర్ అనే గాజు పనివాడికి. ప్రయోగశాలలకి గాజుసామాను చేసిపెట్టేవాడు. రాంట్‌జెన్ ఎక్స్‌రే గొట్టాలు చేసింది కూడా ఈయనే. వట్టి గాజుపాత్రని ఎవరూ చేత్తో మోసుకుపోలేరు. దానికి బయట రేకు తొడుగు వేసి, లోపలి గాజు అదిరినా తట్టుకునేలా ఆధారాలు పెట్టి, మూత పెట్టి 1903లో పేటెంటు తీసుకున్నాడు. పేరు పెట్టమని పోటీ పెడితే మ్యూనిక్ నివాసి ఒకరు గ్రీకులో వేడి అని అర్థమొచ్చేలా థర్మాస్ అని సూచించారని కంపెనీ కథనం. 1907లో అమెరికా, ఇంగ్లండు, కెనడా దేశాల కంపెనీలకి హక్కులు అమ్మేశారు.

పాత గాజు ఫ్లాస్కు ఎప్పుడైనా విప్పి చూశారా? గాజు బుడ్డి అడుగున చిన్న తోకలాగా ఉంటుంది. గాలి తోడేసి, గాజు కరిగించి మూసిన చోటు అది. బుడ్డి అంతటికీ ప్రాణం ఆ తోకలో ఉంటుంది. రాక్షసుడి ప్రాణం చిలకలో ఉన్నట్టు! అది విరిగితే బుడ్డి పైకి బాగానే కనిపిస్తుంది గానీ కాఫీ అరగంటలో చల్లారిపోతుంది. గోడల మధ్య బూడిదరంగు బిళ్ళలు కూడా కనిపించేవి. రెండు గోడలూ ఒకదానికొకటి తగలకుండా పెట్టిన ఆస్‌బెస్టాస్ ముక్కలవి. మన దేశంలో ఈగిల్ ఫ్లాస్కులు వచ్చాక బుడ్డి పగిలితే బుడ్డి ఒక్కటే కొని మార్చుకోవడం మీలో చాలామంది చేసే ఉంటారు.

అమెరికాలో థర్మాస్ కంపెనీ మన కనెక్టికట్ రాష్ట్రంలోనే, నార్విచ్‌లో, థేమ్స్ నది ఒడ్డున పెద్ద ఫ్యాక్టరీ పెట్టింది. ఆ భవనం ఇప్పుడు నివాసాలుగా మారింది. తొలిరోజుల్లో ఈ కంపెనీ "థర్మాస్ అంటే ఇంటింటి మాట" అని గొప్పగా ప్రచారం చేసుకుంది. ఆ ప్రచారమే దాని కొంప ముంచింది. అల్లాదీన్ అనే పోటీ కంపెనీ తన సీసాల్నీ థర్మాస్ అంటానంటే కోర్టుకెక్కారు. విచారణలో ఒక సర్వే పెట్టారు. ఈ రకం సీసాలు తెలిసిన పెద్దవాళ్ళలో సుమారు 75 శాతం మంది వీటిని థర్మాస్ అనే పిలుస్తున్నారు. అది ఒక కంపెనీ పేరని తెలిసినవాళ్ళు 12 శాతం. 1963లో అప్పీలు కోర్టు అది జనం మాట అయిపోయిందని తీర్పు చెప్పింది. చిన్న అక్షరంతో రాస్తే ఎవరైనా వాడుకోవచ్చు, కాకపోతే అల్లాదీన్ వాళ్ళు ముందు తమ పేరు చేర్చి రాయాలని షరతు పెట్టింది. మనకీ కొత్తేం కాదు కదా, ఏ కంపెనీ వనస్పతి అయినా డాల్డానే, ఏ మిషను మీద తీసినా జిరాక్సే. కనిపెట్టినాయనకి డబ్బు రాలేదు, పేరు పెట్టుకున్నవాళ్ళకి పేరు పూర్తిగా దక్కలేదు.

గాజు పగులుతుంది కాబట్టి ఉక్కుతో చేద్దామని విలియం స్టాన్లీ అనే ఇంజనీరు 1913లో మసాచుసెట్స్‌లోని గ్రేట్ బారింగ్‌టన్‌లో మొదలుపెట్టాడు. ఈయన మామూలువాడు కాదు. 1886లో అదే ఊళ్ళో ట్రాన్స్‌ఫార్మర్లతో ఏసీ కరెంటు ఇచ్చి దీపాలు వెలిగించి చూపినవాడు. మన మనవరాళ్ళు రంగురంగులవి కొనమని 2023, 2024ల్లో పట్టుబట్టిన స్టాన్లీ కప్పుల మీద ఉన్నది ఆయన పేరే. 1978లో జపాన్‌లో నిప్పాన్ సాన్సో అనే కంపెనీ తేలికపాటి స్టెయిన్‌లెస్ స్టీలు సీసా తెచ్చింది. 1989లో ఆ కంపెనీయే థర్మాస్‌ని కొనేసింది. దాని అసలు వ్యాపారం వాయువులు. జపాన్ భాషలో సాన్సో అంటే ఆక్సిజన్!

మన ఊళ్ళలో డ్యూవర్ అసలు పాత్రని చూసినవాళ్ళు చాలామందే ఉన్నారు, పేరు తెలియకపోయినా. పశువుల ఆసుపత్రిలో పాల బిందెలాంటి అల్యూమినియం డబ్బా ఉంటుంది, మూత తీస్తే తెల్లటి పొగ వస్తుంది. గోపాలమిత్రలు చిన్నది మోటారు సైకిలుకి కట్టుకుని వస్తారు. అందులో మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్, దాంట్లో మేలుజాతి ఆబోతుల వీర్యం. ఆ డబ్బాకీ రెండు గోడలు, మధ్యలో శూన్యం. శ్రీహరికోటలో రాకెట్లకి పట్టే ద్రవ హైడ్రోజన్ నిలవచేసే పెద్ద ట్యాంకులూ అంతే. 2014 జనవరి 5న మన సొంత క్రయోజెనిక్ ఇంజనుతో జీఎస్ఎల్‌వీ మొదటిసారి విజయవంతంగా ఎగిరినప్పుడు అందులో ఉన్నది, డ్యూవర్ 1898లో ఇరవై ఘనసెంటీమీటర్లు పట్టుకున్న ద్రవమే.

పోయిన వారం ఒక శ్రోత ఫోనులో అడిగారు, ఐసునీళ్ళు రోజంతా చల్లగా ఉంటున్నాయి, కాఫీ మాత్రం మధ్యాహ్నానికే గోరువెచ్చనవుతోంది, మా ఫ్లాస్కు పాడైందా అని. పాడవలేదండీ. కాఫీ 90 డిగ్రీలు, గది 25 అనుకుంటే తేడా 65. ఐసునీళ్ళకి తేడా 25 మాత్రమే. తేడా ఎంత ఎక్కువైతే వేడి అంత జోరుగా కదులుతుంది. పైగా ఐసు కరగాలంటే గ్రాముకి 80 కేలరీలు మింగాలి, అది కరిగేదాకా నీళ్ళు చల్లగానే ఉంటాయి. కాఫీకి అలాంటి దన్ను లేదు. ముందు మరిగే నీళ్ళు పోసి రెండు నిమిషాలుంచి పారబోసి అప్పుడు కాఫీ పోయండి, నిండా పోయండి. వేడి ఎక్కువగా పోయేది మూతి దగ్గరే. మాటిమాటికీ మూత తీయకండి.

చంటిపిల్లలున్న ఇళ్ళకి ఒక్క మాట. గోరువెచ్చని పాలు ఫ్లాస్కులో పోసి గంటల తరబడి ఉంచకండి. ఆ వెచ్చదనం సూక్ష్మజీవులకి పండగ. కాగిన నీళ్ళు ఫ్లాస్కులో పెట్టుకుని, పాలు అప్పటికప్పుడు కలుపుకోండి. మా అమ్మ అలాగే చేసేది. అయితే ఆ వెచ్చదనంతోనే ఆవిడ ఇంకో పని కూడా చేసింది. ఇక్కడి చలిలో పాలు ఎంతకీ తోడుకోవడం లేదని విసిగిపోయి, ఒక రాత్రి గోరువెచ్చని పాలల్లో చెంచాడు పెరుగు కలిపి నేను కొన్న థర్మాస్‌లో పోసి మూత పెట్టింది. పొద్దున్న చూస్తే గడ్డపెరుగు. పిల్లాడి నీళ్ళకి ఇంకొకటి కొనాల్సొచ్చింది. ఆ దుకాణానికే వెళ్ళాను. ఈసారి థర్మాస్ అనే అడిగాను.